గంజి పోసిన తంగేడు

లింగవ్వక్క పొద్దున్నే లేచి దేవుడికి దండం పెట్టదు, మొగుడికి చాయ్ పెట్టదు. ముందుగా గేటు పక్కనున్న తంగేడు చెట్టు దగ్గరికి పోయి కొమ్మలన్నీ వంచి వంచి చూస్తుంది. చూడడం అయ్యాక తిట్లు మొదలుపెడుతుంది. పై పోర్షన్లో అద్దెకుంటున్న నాకు ఆ తిట్లే అలారం. సూరత్‌లోని ఈ గోడాదరాలో మూడేళ్లుగా నేను నిద్ర లేస్తున్నది ఒక చెట్టు తినే తిట్లు విని.

"తినవడితివి, తాగవడితివి, మనిషెత్తు పెరిగితివి. ఒక్క మొగ్గ వెట్టనీకి నీకేం రోగమే?"

చెట్టు మాత్రం నవనవలాడుతూ నిలబడేది. ఆ నవనవ చూస్తేనే ఆమెకు ఒళ్లు మంట. చచ్చిపోతే ఒకరోజు ఏడ్చి ఊరుకునేది. అది చావదు, పూయదు. ఆకు మీద ఆకు వేస్తుంది. గల్లీలో వినోద అనే ఆమె ఒకరోజు ఆగి చూసి, "అక్కా, పూలెట్లాగు వస్తలెవ్వు గని, పాలకూర లెక్క ఆకు తెంపి పప్పుల వేసుకోరాదు" అంది. లింగవ్వక్క ఆ మాటను గుండెలో దాచుకుంది. ఎవరేమన్నారో మరిచిపోయే మనిషి కాదు.

ఇంత రచ్చ ఒక పువ్వు కోసమా అంటే, అవును. తంగేడు లేకుండా బతుకమ్మ లేదని ఆమె పట్టు. మా గల్లీలో తెలంగాణ నుంచి వచ్చిన నేతపని కుటుంబాలు పద్నాలుగు. వెనకట ఒక బస్సు డ్రైవర్ కరీంనగర్ వైపు నుంచి ఏటా గోనెసంచి నిండా తంగేడు పువ్వు తెచ్చిచ్చేవాడట. సూరత్ చేరేసరికి సగం వాడేది, అయినా అది పువ్వే. ఆ డ్రైవర్ ఉద్యోగం మానేశాక బంతిపూలతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. పోయిన ఏడు సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు, గల్లీ ఆడవాళ్ల సంఘం నడిపే విజయశ్రీ అందరినీ తన జాకెట్ల దుకాణం ముందు కూర్చోబెట్టింది.

"బట్ట పూలు చేసుకుందాం. పల్సానా మిల్లుల నుంచి సాటిన్ ముక్కలు ఊకెనే వస్తయి. ఒక్కసారి చేస్తే పదేండ్లు ఉంటయి. ఆడినంక కవర్ల వెట్టి అటుకు మీద వెట్టుకోవచ్చు" అంది.

అందరూ తలలూపారు. నిజం చెప్పాలంటే నేనూ ఊపాను. లింగవ్వక్క ఒక్కతే లేచి నిలబడింది.

"అటుకు మీద వెట్టుకునేది బతుకమ్మనా, పాత పెట్టెనా? నీళ్లల్ల ఇడవనిది బతుకమ్మెట్లయితది?"

"మరి పూలేయి అక్కా?" విజయశ్రీ మర్యాదగానే అడిగింది.

"నా చెట్టున్నది. వచ్చే బతుకమ్మకు పూస్తది. పూయకుంటె నువ్వెట్ల జెప్తే అట్ల. మల్ల నోరెత్త."

ఆ మాట ఇవ్వకుండా ఉంటే ఎంత బాగుండేదో! ఆ రోజు నుంచి ఆమెకు ఆ చెట్టు చెట్టు కాదు, కోర్టు కేసు అయింది. అది పూయకపోతే తను ఓడిపోవడమే కాదు, ఈ గల్లీలో బతుకమ్మ నీళ్లకు పోవడం ఆగిపోతుంది. అదీ తను ఇచ్చిన మాట వల్లే ఆగిపోతుంది.

ఆ చెట్టు సంగతి కొంచెం చెప్పాలి. లింగవ్వక్కది సిరిసిల్ల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లకు లస్మయ్య బావను చేసుకొని సూరత్ వచ్చింది. ఆయన ముప్పై ఐదేళ్లుగా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి కాబట్టి ఈ సంసారంలో సుఖపడింది ఆయనే. ఆమె ఇంట్లో చీరలకు రాళ్లు అంటిస్తుంది. ఊరికి పోయినప్పుడల్లా రోడ్డు పక్కనున్న తంగేడు మొక్కను పీక్కొచ్చేది. తంగేడుకు తల్లివేరు భూమిలోకి మనిషి లోతు పోతుంది. పీకితే తెగుతుంది. అలా రెండు మొక్కలు రైల్లోనే చచ్చాయి. మూడోసారి జానెడు మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి, తడి చీరలో చుట్టి, సూరత్ దాకా ఒళ్లో పెట్టుకొని తెచ్చింది. కాళ్లు చాపుకోవడానికి కూడా లేదని లస్మయ్య బావ ఇప్పటికీ చెప్పుకుంటాడు. గేటు పక్క బండలు రెండు పెకిలించి, అక్కడి నల్ల మట్టిలో నాటింది. మొక్క నాటుకుంది. ఏడుపు అప్పుడే మొదలైంది.

చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో చేమగ్గం ఉండేది. నూలుకు గంజి పెట్టడం, కండెలు చుట్టడం ఆమె పని. "దారం ఎండిందంటే తెగుతది" అని వాళ్ల నాయన రోజుకు పదిసార్లు అనేవాడట. అందుకే మగ్గం గుంతలో పెట్టేవారు, నేల తేమగా ఉండాలని. గంజి తాగిన నూలు గట్టిపడుతుంది, తడిలో ఉన్న దారం సాగుతుంది. ఆ పాఠం ఆమె ఒంట్లో ఎంత దిగిందంటే, దారానికీ మొక్కకీ తేడా ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వుతుంది. రోజూ అన్నం వార్చిన గంజి చల్లార్చి చెట్టు మొదట్లో పోసేది. పొద్దున గంజి, సాయంత్రం నీళ్లు. ఎండ తగిలితే ఎండిపోతుందని నాలుగు కర్రలు పాతి పైన నీలం ప్లాస్టిక్ తాడిపత్రి పట్టా కట్టింది. బయట వాన దంచి కొడుతున్నా ఆమె గంజి ఆగేది కాదు. "వాన వానే, గంజి గంజే" అనేది.

తప్పంతా ఆమెదే అనడం అన్యాయం. నేను తెలుగు టీచర్ని. చదువుకున్నదాన్ని కాబట్టి గల్లీలో జ్వరం నుంచి జాతకం దాకా అన్నీ నన్నే అడుగుతారు. పూయని మొక్కలకు ఏం చేయాలో ఫోన్లో చూసి చెప్పమంది. నాకు తంగేడు గురించి ఏమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం చదువుకున్నవాళ్లకు రాదు కదా! అరటితొక్కలు నానబెట్టిన నీళ్లు పొయ్యమన్నాను. వారం రోజులు ఇల్లంతా ఈగలు. తర్వాత ఆవుపేడ ఎరువు అన్నాను. చెట్టు ఇంకో జానెడు పెరిగింది. కామ్‌రేజ్ దారిలో ఒక నర్సరీ ఉందంటే ఆదివారం పూట ఇద్దరం రెండు ఆటోలు మారి పోయాం. అక్కడివాడు ఫోటో చూసి, తల గోక్కుని, దీనికి బలం చాలదు అని ఒక టానిక్ సీసా అంటగట్టాడు. అది పోశాక ఆకులు అరచేయంత అవుతాయేమోనని నాకు భయం వేసింది.

"టీచరమ్మా, నువ్వు బడిల పిల్లలకు గూడ గిట్లనే జెప్తవా?" అంది లింగవ్వక్క. నాలుగు రోజులు నేను మెట్లు దిగేటప్పుడు తల వంచుకునే దిగాను.

నిజం చెప్పిన మనిషి ఒకడున్నాడు. వాలజీభాయ్ అని, కూరగాయల బండివాడు, సౌరాష్ట్ర వైపు నుంచి వచ్చినవాడు. శ్రావణంలో ఒకరోజు బెండకాయలు తూస్తూ చెట్టును చూసి, కాటా అలాగే పట్టుకొని ఆగిపోయాడు.

"మాసీ, యే తో ఆవళ్ హై! హమారే ఉధర్ జంగల్ మే ఉగ్‌తా హై. ఇస్‌కో పానీ కౌన్ దేతా హై?"

ఆవళ్ అంటే తంగేడే. వాళ్ల వైపు బీడుల్లో, రాళ్లలో అదే మొలుస్తుందట. దానికి నీళ్లెవరూ పొయ్యరట. మేకలు కూడా ముట్టవట. ఎండ ఎంత కాస్తే అంత పసుపుగా పూస్తుందట. ఇదంతా నవ్వుతూ చెప్పి, ఆ తాడిపత్రిని చూసి ఇంకా నవ్వాడు. ఆ నవ్వుతోనే పని చెడింది.

"వాని ముఖం! మేకలు ముట్టని చెట్టట! మా గౌరమ్మకు వెట్టే పువ్వును పట్టుకొని జంగల్ చెట్టంటడు" అని రెండు రోజులు అతని దగ్గర కూరగాయలు కొనలేదు. నేను మెల్లగా, "అక్కా, మీ ఊరి రోడ్డు పక్కన దానికెవరు నీళ్లు పోశారు?" అని అడిగాను.

ఆమె చెట్టుకేసి చూసింది. నా మాట తగిలిందనుకున్నాను.

"అది దాని తల్లిగారిల్లు. గక్కడ ఎట్లనన్న బతుకుతది. పరాయి జాగకు తెచ్చినంక మనం జూసుకోవద్దా?" అని గంజి గిన్నె అందుకుంది. ఆ తర్వాత నేను దాని గురించి మాట్లాడటం మానుకున్నాను.

వినాయక చవితి వచ్చింది. బతుకమ్మ ఇంక నెల రోజుల్లో ఉంది. మొగ్గ లేదు. మొగ్గ వచ్చే సూచన కూడా లేదు. మండపం వేసే పిల్లలు వచ్చి తాడిపత్రి అడిగితే, "తీస్కపోండ్రి, నా నెత్తి మీద బట్ట గూడ తీస్కపోండ్రి" అని విప్పి ఇచ్చేసింది. అదే సాయంత్రం విజయశ్రీ పసుపుపచ్చ సాటిన్ ముక్కల మూట పట్టుకొని గేటు లోపలికి వచ్చింది. ఆమె చెట్టు వైపు చూడలేదు. ఆ మాట ఒప్పుకోవాలి, చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

"అక్కా, కోపం జేయకు. తంగేడు పువ్వు ఎట్లుంటదో మా పోరగాండ్లకు తెల్వదు, నాకే సగం యాదికి లేదు. నీ చెయ్యి వడితేనే అది తంగేడయితది. నువ్వే చెయ్యాలె."

ఓడినవాళ్లను కట్టేసే తాళ్లు వాళ్ల చేతే పేనించడం అంటే ఇదే. లింగవ్వక్క ముఖం మాడిపోయింది. కానీ ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. మూట తీసుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో చీరల రాళ్ల పని ఆగింది. కత్తెర, జిగురు, సన్నని తీగ, పసుపు సాటిన్. ఐదు రేకులు కత్తిరించి, అంచులు దీపం సెగకు కాస్త ముడుచుకునేలా చేసి, మధ్యలో మిడత కాళ్లలాంటి వంకర కేసరాలను గోధుమరంగు దారంతో చుట్టేది. ఒక పువ్వు చేయడం, ఒక తిట్టు తిట్టడం. పదమూడు ఇళ్లకు కావలసిన పూలు. ఎంత కోపంగా చేసేదో అంత అందంగా వచ్చేవి. ఒకటి తీసుకొని చూస్తే నాకే అనుమానం వచ్చి వాసన చూశాను. జిగురు వాసన.

"బాగున్నాయక్కా" అన్నాను.

"బాగుంటయి. నాకు ఏడుపు రాంగ చేస్తున్న, బాగుండక ఏమయితయి?" అంది.

చెట్టు దగ్గరికి పోవడం మానేసింది. ఆ వైపు చూడటమే మానేసింది. లస్మయ్య బావ ఒకరోజు గంజి గిన్నె పట్టుకొని, "ఏమే, దీనికి పొయ్యాల్నా?" అని అరిచి అడిగితే, "మోరీల పొయ్యి, దానికి మాత్రం పొయ్యకు. సావనియ్యి" అని అంతకంటే గట్టిగా అరిచింది. ఆయనకు మొదటి ముక్కే వినబడింది. గంజి మురుగు మోరీలో పోశాడు. వానలు కూడా ఆ భాద్రపదంలో మొండికేశాయి. మూడు వారాలు చుక్క లేదు. తాడిపత్రి తీసుకెళ్లిన పిల్లలు నిమజ్జనం అయ్యాక కూడా తెచ్చివ్వలేదు. ఎండ నేరుగా పడింది. నల్ల మట్టి నెర్రెలిచ్చింది. కింది ఆకులు పసుపు తిరిగి రాలాయి. నాకు ఆ చెట్టును చూస్తే జాలేసింది. ఒకసారి దొంగతనంగా ఒక చెంబు నీళ్లు పోద్దామనుకున్నాను. ఆమె తిట్లకు భయపడి పోయలేదు. నా పిరికితనం వల్ల జరిగిన ఒకే ఒక్క మంచిపని అది.

సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, బడికి పోతూ గేటు తీస్తుంటే కొమ్మ చివర ఏదో పసుపుగా కనిపించింది. రాలబోతున్న ఆకేమో అనుకున్నాను. కాదు. గుత్తి. దాని పక్కన ఇంకో గుత్తి. చింతగింజలంత మొగ్గలు. నేను బ్యాగు అక్కడే పడేసి కేకేశాను.

లింగవ్వక్క చేతికి జిగురుతోనే వచ్చింది. చూసింది. సంతోషపడుతుందనుకున్నాను. ఆమెకు ఎక్కడలేని ఆవేశం వచ్చింది.

"ఇప్పుడా? ఇప్పుడు పూస్తవా? మూడేండ్లు గంజి వోస్తి, నీడ వెడ్తి, బిడ్డలెక్క జూస్తి. అప్పుడు నీకు తెల్వలేదా? నేను ఇడిచిపెట్టినంక పూస్తవానే?" అని కొమ్మ పట్టుకొని ఊపింది. అంతలోనే మొగ్గ రాలుతుందేమోనని చటుక్కున వదిలేసింది. తర్వాత అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. ఆ రోజు బడికి ఆలస్యంగా వెళ్లాను.

నాలుగు రోజుల్లో పదమూడు గుత్తులు విచ్చాయి. అంతే. బతుకమ్మ పేర్చడానికి అవి ఏ మూలకూ చాలవు. మాట ప్రకారం గల్లీకంతటికీ బట్ట పూలు ఇచ్చేసింది కాబట్టి మిగతా పదమూడు ఇళ్లలో సాటిన్ బతుకమ్మలు మోకాలెత్తున తయారయ్యాయి. లింగవ్వక్క మాత్రం వాలజీభాయ్ దగ్గర గుమ్మడాకు అడిగి తెచ్చుకుంది. చిన్న స్టీలు పళ్లెంలో ఆకు పరిచి, పదమూడు గుత్తులు చుట్టూ పేర్చి, మధ్యలో పసుపు గౌరమ్మను పెట్టింది. ఎత్తు పిడికెడు. దాన్ని చూసి వినోద నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం లింగవ్వక్క చూసింది.

సాయంత్రం అందరం కాలువ గట్టుకు పోయాం. బతుకమ్మల్ని మధ్యలో పెట్టి, చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగి ఆడారు. నిజంగా, దూరం నుంచి చూస్తే సాటిన్ బతుకమ్మలే ధగధగలాడాయి. పిడికెడు బతుకమ్మ వాటి మధ్య ఎక్కడుందో వెతుక్కోవాలి. పాటలు అయిపోయాయి. ఇక నీళ్లలో విడవాలి. విజయశ్రీ సంచిలోంచి చీరలు పెట్టే ప్లాస్టిక్ కవర్లు తీసి పంచింది. సాటిన్ పూలకు దుమ్ము పట్టకుండా అని. ఏటా ఈ సమయానికి ఆడవాళ్లందరూ బతుకమ్మలు నెత్తిన పెట్టుకొని మెట్లు దిగేవాళ్లు. ఈసారి ఒక్కొక్కరూ పసుపుముద్ద గౌరమ్మను మాత్రం నీళ్లలో జారవిడిచారు. ఒక్క బుడగతో ఆ పని అయిపోయింది. తర్వాత ఎవరికీ ఏం చేయాలో తోచలేదు. కవర్లు చేతుల్లో గలగలమంటుంటే మెట్ల మీద అలాగే నిలబడ్డారు. ఒకామె వంగి ఖాళీ చేత్తోనే నీళ్లు కదిలించింది. పోయిన ఏడు తలూపిన దాన్ని కదా, నాకు సిగ్గేసింది.

విజయశ్రీ లింగవ్వక్క దగ్గరికి వచ్చింది.

"అక్కా."

"ఏంది?"

"ఒక్క గుత్తి ఇయ్యరాదు. ఇడవనీకి."

నేనైతే ఇచ్చేదాన్ని కాదు. లింగవ్వక్క ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. "ఎందుకు, కవర్ల వెట్టుకో. పదేండ్లు ఉంటయంటివి గద" అంది. అంటూనే పళ్లెంలోంచి ఒక గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది. అది చూసి ఇంకో చేయి వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆమె ఇస్తూనే ఉంది, ఒక్కొక్కరికీ ఒక్కో పువ్వూ ఒక్కో తిట్టూ. "ఇగో, పాలకూరంటివి గద, వట్టు" అని వినోదకు ఇచ్చింది. వినోద గుత్తిని కళ్లకద్దుకుంది.

పదమూడు గుత్తులు పదమూడు చేతులకు పోయాయి. లింగవ్వక్క పళ్లెంలో గుమ్మడాకు, దాని మీద పసుపు గౌరమ్మ మిగిలాయి. ఆకును అలాగే నీళ్ల మీద పెట్టి చేత్తో నెట్టింది. తంగేడు పూలు దాన్ని దాటి ముందుకు పోయాయి. ఆమె ఆకు ఒక్కటే వెనక పోయింది.

"జూసినవా టీచరమ్మా? పెంచినోళ్లకు ఆకు మిగిలింది" అంది. ముక్కు ఎర్రబడింది.

మర్నాడు పొద్దున తిట్లు వినబడి లేచాను. అలవాటు కొద్దీ, చెట్టునే అనుకున్నాను. కిటికీలోంచి చూస్తే గేటు బయట గల్లీ ఆడవాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో గిన్నె, ఒకరి చేతిలో చెంబు, విజయశ్రీ చేతిలో మూతపెట్టిన స్టీలు క్యాను. అన్నిట్లోనూ గంజి. వచ్చే ఏటికి ఎక్కువ పూలు పూయాలని, ఎవరింట్లో వార్చింది వాళ్లు తెచ్చారు. అందరూ నేతోళ్ల బిడ్డలే కదా! లింగవ్వక్క గేటుకు అడ్డంగా చీపురు పట్టుకొని నిలబడింది.

"ఒక్క సుక్క వడ్డదంటే కాళ్లిరగ్గొడ్త. పోండ్రి!"

"మరి దానికేం జెయ్యాల్నక్కా?" విజయశ్రీ అడిగింది.

"ఏం జెయ్యద్దు."

వాళ్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. నేను కిందికి దిగాను. అరుగు మీద ఆమె గంజి గిన్నె కూడా ఉంది. వేడిగా, పైన మీగడలా పొర కడుతూ. ఎప్పుడో వార్చి తెచ్చి అక్కడ పెట్టినట్టుంది. ఆమె దాన్ని చూసింది, చెట్టును చూసింది. రెండడుగులు అటు వేసి వెనక్కి వచ్చింది. చివరికి లోపలికి పోయి ఉప్పు తెచ్చి అందులో వేసి, రెండు గ్లాసుల్లో పోసి ఒకటి నా చేతికిచ్చింది.

"తాగు టీచరమ్మా. మోరీల పొయ్యబుద్ధయితలేదు" అంది.

ఇద్దరం అరుగు మీద కూర్చుని, ఆ చెట్టుకేసి చూస్తూ గంజి తాగాం.